జపనీస్ నేర్చుకోవడానికి కంప్యూటర్‌ని ఇలా వాడండి, మధ్యలో ఇంగ్లీషుని కూర్చోబెట్టకండి

ఒక ఫోన్ యాప్ పట్టుకుని 200 రోజులకు పైగా, పండగలూ పెళ్ళిళ్ళూ కూడా చూడకుండా, రోజూ పడుకునే ముందు జపనీస్ నొక్కుకుంటూ పోయాను. అది నొక్కడమే గానీ నేర్చుకోవడం కాదని ఆఫీసు వీడియో కాల్‌లో తెలిసింది. జపాన్ నుంచి ఒకాయన నవ్వుతూ, చాలా తేలిక మాటల్లో, మీ దగ్గర ఎండలు ఎలా ఉన్నాయని అడిగారు. అందులో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. కానీ దాన్ని బుర్రలో ఇంగ్లీషులోకి తిప్పి, ఇంగ్లీషులో జవాబు అల్లి, ఆ జవాబుని మళ్ళీ జపనీస్‌లోకి తిప్పేసరికి ఆయన వేరే విషయంలోకి వెళ్ళిపోయారు. నేను "హై, హై" (అవును, అవును) అని తలూపి ఊరుకున్నాను.

ఆ రాత్రి ఉక్రోషంతో పాఠాలు మళ్ళీ తెరిస్తే "కినో కత్త హొన్" అనే ముక్క కనిపించింది. నిన్న కొన్న పుస్తకం. మాటకి మాట అదే వరుస! ఇంగ్లీషులో చెప్పాలంటే పుస్తకాన్ని ముందుకి లాగి, నిన్న కొన్నదాన్ని వెనకాల తోకలా కట్టాలి. తెలుగులో ఏదీ కదపక్కర్లేదు. మరి ఇన్నాళ్ళూ ఆ యాప్ ఇంగ్లీషులో అడుగుతుంటే నేనెందుకు ఇంగ్లీషులో ఆలోచిస్తూ కూర్చున్నాను?

అప్పట్నుంచి పద్ధతి మార్చాను. కింద రాసిందంతా నేను చేసి చూసిందే. కొత్త లాప్‌టాప్ అక్కర్లేదు, పాతదైనా నడుస్తుంది. ఒక జత ఇయర్‌ఫోన్లు, ఇంటర్నెట్, రోజుకి గంట టైమ్ ఉంటే చాలు. ఆ గంటలో ఫోన్‌ని పక్క గదిలో పెట్టేయండి.

మొదటి రెండు వారాలు: అక్షరాలు మాత్రమే

జపనీస్‌కి హిరగాన, కతకాన అని రెండు అక్షరమాలలు, ఒక్కోదాంట్లో 46 మూల అక్షరాలు. మూడోది కంజి, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు. వాటిని చూసి ఇప్పుడే భయపడొద్దు.

"గొజూఒన్" పట్టిక, అంటే ఆ అక్షరాల పట్టిక, అని వెతికితే ఉచితంగా బోలెడు దొరుకుతాయి. ఒకటి ప్రింట్ తీసి గోడకి అంటించండి. వరుస చూడండి: అ ఇ ఉ ఎ ఒ, తర్వాత క వరుస, స, త, న, హ, మ, య, ర, వ. గుణింతాలు అప్పజెప్పినట్టే ఉంటుంది, ఎందుకంటే బౌద్ధంతో పాటు అక్కడికి చేరిన సంస్కృత వర్ణక్రమం ప్రభావంతోనే ఆ వరుస ఏర్పడింది. న తర్వాత హ ఎందుకొచ్చింది, అక్కడ ప ఉండాలి కదా అని మీకు అనుమానం వస్తే మీరు మంచి విద్యార్థి. ఇప్పటి హ వరుస ఒకప్పుడు ప వరుసేనని భాషావేత్తలు చెబుతారు.

రోజుకి ఒకటీ రెండు వరుసలు చేత్తో రాయండి, రాత్రి ఆన్‌లైన్ క్విజ్‌లో చూసుకోండి. పదిహేనో రోజు నుంచి ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన జపనీస్ చదవడం మానేయాలి. ఇది కొంచెం మొండిగా చేయాల్సిన పని, ఎందుకంటే సగం పాఠాల్లో ఇంగ్లీషు అక్షరాలు పక్కనే ఉంటాయి, కన్ను అటే పోతుంది. నేనైతే మొదట్లో స్క్రీన్ మీద ఆ భాగం కనపడకుండా స్టికీ నోట్ అంటించుకున్నాను. ఇంట్లోవాళ్ళు నవ్వారు, నవ్వనివ్వండి.

కీబోర్డు పెట్టుకోండి, ఇవాళే

విండోస్‌లో అయితే సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ అనే చోట జపనీస్ చేర్చండి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. జపనీస్‌లోకి వెళ్ళాక కూడా ఇంగ్లీషు అక్షరాలే పడుతుంటే కంగారు పడొద్దు, ఆల్ట్ పట్టుకుని ఎస్కేప్ కింద ఉన్న కీ నొక్కండి. మాక్‌లో కీబోర్డు సెట్టింగ్స్‌లోని ఇన్‌పుట్ సోర్సెస్‌లో ఉంటుంది. లినక్స్ వాళ్ళకి మొజ్క్ అనే ప్రోగ్రామ్ ఉంది, ఆ వాడకందార్లకి నేను చెప్పేదేం లేదు, వాళ్ళే నాకు చెబుతారు.

ఇంగ్లీషు అక్షరాలు కొడితే హిరగాన వస్తుంది, స్పేస్ నొక్కితే కంజి అవుతుంది, ఎంటర్‌తో ఖాయమవుతుంది. మొదటివారం అందరూ పడే గోతులు ఇవి:

- "వతషి వ" (నేను అయితే) అనేటప్పుడు వచ్చే ఆ "వ"ని హెచ్, ఏ అని కొట్టాలి. పలకడం వ, రాయడం హ.
- కర్మకి తగిలించే "ఒ"ని డబ్ల్యూ, ఓ అని కొట్టాలి.
- మాట చివర పొల్లు "న్" రావాలంటే ఎన్ రెండుసార్లు.
- ద్విత్వానికి ఆ హల్లుని రెండుసార్లు.
- టోక్యోలో రెండు ఓకారాలూ దీర్ఘాలే. ఓ తర్వాత యు కూడా కొట్టాలి, లేకపోతే మీరు అనుకున్న ఊరు రాదు.

ఈ చివరిదే అసలు లాభం. టైపు చేస్తుంటే హ్రస్వమా దీర్ఘమా అన్నది ప్రతిసారీ మీరే తేల్చుకోవాలి, దాంతో స్పెల్లింగూ ఉచ్చారణా కలిసే వస్తాయి. రోజూ నోట్‌పాడ్‌లో మూడు లైన్లు రాయండి: పొద్దున ఏం తిన్నారు, ఎక్కడికి వెళ్ళారు, ఎండా వానా. అన్నట్టు "గొహన్" అంటే వండిన అన్నమూ అవుతుంది, భోజనమూ అవుతుంది, మనం ఇడ్లీ తిన్నవాణ్ణి కూడా "అన్నం తిన్నావా" అని అడిగినట్టే.

చెవి పని

తెలుగువాళ్ళు ఇక్కడ పుట్టుకతోనే సగం దూరం నడిచి ఉన్నారు, కానీ చాలామందికి ఆ సంగతి తెలియదు. "ఒబసన్" అంటే పిన్ని వయసావిడ, "ఒబాసన్" అంటే అమ్మమ్మ వయసావిడ. ఇంగ్లీషు అలవాటున్న నోటికి ఈ తేడా నెలల తరబడి చిక్కదు, మనకి అది ఒక దీర్ఘం, అంతే. "కితె" అంటే వచ్చి, "కిత్తె" అంటే తపాలా బిళ్ళ. అదీ ఒక ద్విత్వం. ఎ, ఏ, ఒ, ఓ నాలుగూ మన దగ్గర వేరువేరుగా ఉన్నాయి, హిందీ వాళ్ళకి ఆ హ్రస్వాలు లేవు. ఇక జపనీస్‌లో పొల్లు న్ పక్క అక్షరాన్ని బట్టి మారిపోతుంది, బ ముందు మ్ అవుతుంది, క ముందు ఙ్ అవుతుంది. అది మన సున్నానే! అంబ, అంకె అనేటప్పుడు మీ నోరు చేసేది అదే పని.

అందుకే కొత్త మాట వినగానే పక్కన తెలుగు లిపిలో రాసుకోండి, మొదటి రెండు మూడు నెలలు మాత్రమే. ఇంగ్లీషు స్పెల్లింగు కంటే అది ఎంతో నిజాయితీగా ఉంటుంది.

మనకి ఇబ్బందయ్యేది ఇంకోచోట. మన మాటలు అచ్చులతో ముగుస్తాయి కాబట్టి "దెస్", "మస్" అని వచ్చేచోట చివర ఉకారాన్ని గట్టిగా సాగదీసి "దేసూ" అంటాం. అక్కడ రాతలో ఉకారం ఉంటుంది, నోట్లో దాదాపు ఉండదు. రెండోది స్వరం ఎక్కడ లేస్తుంది, ఎక్కడ దిగుతుంది అన్నది. "హషి" అంటే వంతెనా కావచ్చు, చాప్‌స్టిక్సూ కావచ్చు, తేడా అంతా ఆ ఎత్తుపల్లాల్లోనే. టోక్యో వాడుకలో ఒక మాట ఎక్కడ లేస్తుందో చూడాలంటే టోక్యో విశ్వవిద్యాలయం వాళ్ళ ఓజాడ్ అనే ఆన్‌లైన్ నిఘంటువు ఉంది, గీత గీసి చూపిస్తుంది, వినిపిస్తుంది కూడా. ఒంటి మాటల్ని మనుషుల గొంతులో వినాలంటే ఫోర్వో అనే సైట్ ఉంది.

ఇప్పుడు సాధన. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దింపుకోండి. పాఠంలోంచి ఒక చిన్న వాక్యం వినండి, ఆపండి, అదే వేగంతో మీరు అని రికార్డు చేయండి. రెండు రికార్డింగుల్నీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. "కిత్తె"లో త్త దగ్గర స్క్రీన్ మీద శబ్దం గీసిన అల అంతా పడిపోయి చిన్న చదునైన ఖాళీ కనిపిస్తుంది. మీ దాంట్లో ఆ ఖాళీ అంత పొడుగు లేకపోతే మీరు అన్నది కిత్తె కాదు, కితె. చెవి ఒప్పుకోకపోయినా కన్ను ఒప్పుకుంటుంది. రోజుకి ఐదు వాక్యాలు చాలు, యాభై వద్దు. సొంత గొంతు వినలేక మొదటివారం ఒళ్ళు జలదరిస్తుంది, అది మామూలే.

కార్డులు తెలుగులో రాసుకోండి

ఈ పద్ధతికి గుండెకాయ ఇదే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

ముందు వైపు ప్రశ్న, వెనక వైపు జవాబు ఉండే కార్డులతో మాటలు గుర్తుపెట్టించే అంకీ అనే ప్రోగ్రామ్ ఉంది. డేమియన్ ఎల్మ్స్ అనే ఆయన 2006లో విడుదల చేశారు. ఆ పేరు కూడా జపనీస్ మాటే, కంఠస్థం చేయడం అని అర్థం. కంప్యూటర్ మీదా ఆండ్రాయిడ్ మీదా ఉచితం, ఐఫోన్‌కి మాత్రం డబ్బు కట్టాలి. మీకు మరపు వచ్చే సమయానికి కార్డుని మళ్ళీ ముందుకి తేవడం దాని పని.

అందరూ చేసేది ఏంటంటే, ఎవరో తయారుచేసిన రెండువేల మాటల కట్ట దింపేసుకుని, ముందు జపనీస్, వెనక ఇంగ్లీషు చూసుకుంటూ పోతారు. నేనూ అదే చేశాను. మీరు మాత్రం ఖాళీ డెక్ (కార్డుల కట్ట) తెరిచి, పాఠంలో మీరు విన్న వాక్యాలే ఎక్కించండి. ముందు వైపు వాక్యం, దాని ఆడియో. వెనక వైపు తెలుగు, అదీ పుస్తకాల తెలుగు కాదు, మీ ఇంట్లో మాట్లాడే తెలుగు. ఎందుకో ఈ జతలు చూస్తే అర్థమవుతుంది:

తబెతె మితె: తిని చూడు. "తబెతె" తిని, "మితె" చూడు. చూడడానికీ ప్రయత్నించడానికీ రెండు భాషల్లోనూ అదే క్రియ.

కైతె ఒకు: రాసి పెట్టడం. "ఒకు" అంటే వస్తువుని పెట్టడమే. ముందుజాగ్రత్తగా చేసి ఉంచడం అనే అర్థం కూడా మన "పెట్టు"లో ఉన్నట్టే దాంట్లోనూ ఉంది.

తబెతె షిమత్త: తినేశాను. అయ్యో, అయిపోయింది అనే ఆ చిన్న పశ్చాత్తాపంతో సహా.

కురు తొ ఇత్త: వస్తాను అని అన్నాడు. ఆ "తొ" మన "అని". దీన్ని ఇంగ్లీషులో వివరించడానికి పాఠాలు పేజీలు తీసుకుంటాయి, మీకు రెండక్షరాలు చాలు.

ని, దె, కర, మదె: కి, లో, నుంచి, వరకు. నూటికి నూరుపాళ్ళు కాదు గానీ, నామవాచకం వెనక అతుక్కునే తీరు ఒకటే. వాక్యం చివర "క" చేరిస్తే ప్రశ్న, మనం "వచ్చాడా" అని చివర ఆకారం చేర్చినట్టు.

ఇక పికపిక, దొకిదొకి, వకువకు లాంటి జంట మాటలకి ఇంగ్లీషు వెనకభాగం రాస్తే ప్రాణం పోతుంది. తళతళ అని రాయండి, గుండె దడదడ అని రాయండి.

తెలుగు అక్కరకు రాని చోట్లు కూడా ఉన్నాయి, వాటికి ఎర్ర ట్యాగు పెట్టుకోండి. నామవాచకం వెనక అతుక్కునే "వ"కీ "గ"కీ ఉన్న తేడా తెలుగు నుంచి నేరుగా రాదు. మనం వెళ్ళాను, వెళ్ళాడు, వెళ్ళింది అంటాం, వాళ్ళకి అన్నిటికీ "ఇకిమషిత" ఒక్కటే. మనకి ఉన్నది ఒకటే "ఉంది", వాళ్ళకి మనుషులకీ జంతువులకీ "ఇరు", మిగతావాటికి "అరు". లెక్కపెట్టడం ఇంకో తలనొప్పి: పొడుగాటివి ఒక రకం, పలచటివి ఒక రకం, మనుషులు ఒక రకం. మనకీ మూడు కుర్చీలు, ముగ్గురు మనుషులు అనే తేడా ఉంది గానీ వాళ్ళంత పట్టింపు లేదు. మర్యాద విషయంలో మాత్రం మళ్ళీ చుట్టరికం కుదురుతుంది. "సన్" అంటే గారు. సొంత పేరుకి గారు తగిలించుకోం కదా, అలాగే సన్ కూడా తగిలించుకోరు. ఎదుటివాణ్ణి "అనత" (నువ్వు, మీరు) అని పిలవొద్దు, పేరు పెట్టి సన్ అనండి.

సెట్టింగులు రెండే చెబుతాను. రోజుకి కొత్త కార్డులు 20 అని ముందే పెట్టి ఉంటుంది, దాన్ని 8కో 10కో తగ్గించండి. జవాబు బటన్లు నాలుగు ఉంటాయి, మీరు రెండే వాడండి: గుర్తురాకపోతే మొదటిది, గుర్తొస్తే మూడోది. మర్చిపోయినదానికి "హార్డ్" అనే రెండో బటన్ నొక్కడం అంటే వైద్యుడి దగ్గర జ్వరం దాచినట్టే, గుర్తుంది గానీ కష్టమైంది అని అది లెక్కేసుకుంటుంది. నాలుగు రోజులు ఊరెళ్ళొస్తే వందల కార్డులు పేరుకుంటాయి. అప్పుడు డెక్ చెరిపేయాలనిపిస్తుంది. చెరపకండి, కొత్త కార్డులు సున్నా చేసి, పాతవి రోజుకి యాభై చొప్పున తీర్చుకుంటూ రండి.

పాఠాలు ఎక్కడివి

డబ్బు పెట్టి కోర్సు కొనేముందు ఒక్క నిమిషం ఆగండి. నేనొకసారి ఒక ఆన్‌లైన్ కోచింగ్‌కి మూడు నెలల ఫీజు కట్టాను. వాళ్ళు పంపినవి చూస్తే నెట్‌లో ఉచితంగా దొరికే పీడీఎఫ్‌లే, మీద వాళ్ళ ముద్ర.

జపాన్ ప్రభుత్వ సంస్థ అయిన జపాన్ ఫౌండేషన్ వాళ్ళ "ఇరొదొరి" పుస్తకాలు మూడు మెట్లుగా ఉంటాయి, పీడీఎఫ్, ఆడియో రెండూ ఉచితం. జపాన్‌లో ఉద్యోగం చేసుకుంటూ బతకడానికి కావలసిన మాటలు, షాపు, ఆస్పత్రి, చెత్త వేసే రోజులు, అన్నీ అందులో ఉంటాయి. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వరల్డ్ పాఠాలు చిన్నవి, హిందీలో కూడా వినొచ్చు. రెండిట్లో ఒకటే పట్టుకోండి, నా ఓటు ఇరొదొరికి. పది వెబ్‌సైట్లు బుక్‌మార్క్ చేసుకోవడం కూడా ఒక రకం బద్ధకమే.

చదవడం, అర్థాలు

బ్రౌజర్‌లో యొమితాన్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. నిఘంటువుని అందులో విడిగా ఎక్కించాలి, లేకపోతే ఏమీ చూపించదు, చాలామంది ఇక్కడే పాడైందనుకుని తీసేస్తారు. ఆ తర్వాత షిఫ్ట్ పట్టుకుని ఏ కంజి మీద మౌస్ పెట్టినా ఎలా పలకాలో, అర్థమేంటో వస్తుంది. ఆ అర్థాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. ఆస్ట్రేలియాలో జిమ్ బ్రీన్ 1991లో మొదలుపెట్టిన నిఘంటువు దీనికీ, జిషో లాంటి నిఘంటువు సైట్లకీ కూడా ఆధారం. తెలుగుకి అలాంటిది లేదు. కాబట్టి ఇంగ్లీషు అర్థం చూడండి, కానీ కార్డు మీదకి అది ఎక్కేముందు తెలుగు చేయండి, ఆ అర నిమిషం ఆలోచనే మాటని మీ సొంతం చేస్తుంది.

చదవడానికి తదొకు సైట్‌లోని ఉచిత కథలు బాగుంటాయి, అన్నిటికంటే కింది మెట్టు నుంచి మొదలుపెట్టండి. కంజి ఈ కథల్లోనే, మాటలతో పాటే నేర్చుకోండి. వాడుకకి ప్రభుత్వం నిర్ణయించిన జాబితాలోనే 2136 ఉన్నాయి, విడిగా బట్టీ పెడితే ఏ మాటలో ఎలా పలుకుతుందో తెలియక మళ్ళీ మొదటికొస్తారు.

అనువాద యాప్‌లూ, ఏఐ చాట్‌లూ వాడొచ్చు, కానీ కన్నేసి ఉంచండి. జపనీస్‌లోనూ తెలుగులోనూ కర్తని వదిలేయడం మామూలే, "తిన్నావా?" అంటే చాలు. ఈ యంత్రాలు చాలాసార్లు మధ్యలో ఇంగ్లీషు దూరినట్టు నేను, అతను అని లేనివి తెచ్చి పెడతాయి. నేను ఏఐని ఒక్క పనికి వాడతాను: నా మూడు లైన్ల డైరీ ఇచ్చి, తప్పులు దిద్దమనకుండా, తప్పు ఉన్న చోటు మాత్రం చూపించమంటాను. అది ఖాయంగా చెప్పే వ్యాకరణ సూత్రాల్ని పాఠంలో చూసుకున్నాకే నమ్ముతాను.

పరీక్ష రాసేవాళ్ళకి

జేఎల్‌పీటీ అంటే జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష. అన్నిటికంటే తేలికైన ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు మెట్లు, జులైలోనూ డిసెంబర్‌లోనూ జరుగుతుంది. రాయడం, మాట్లాడడం ఉండవు, అన్నీ ఎంచుకునే ప్రశ్నలే. ఎన్5కి 180కి 80 వస్తే చాలు, కానీ వినే భాగంలోనూ, మిగతాదాంట్లోనూ విడివిడిగా కనీస మార్కులు కూడా రావాలి. వినే భాగంలో ఆడియో ఒక్కసారే వస్తుంది. ఇంట్లో వెనక్కి తిప్పుకుని వినడం అలవాటైతే అక్కడ చేతులు వణుకుతాయి, కాబట్టి ఆఖరి నెలలో అధికారిక సైట్‌లోని నమూనా ప్రశ్నలు ఆపకుండా, ఇయర్‌ఫోన్లు తీసేసి, స్పీకర్‌లో ఫ్యాన్ చప్పుడు మధ్య వినండి. నైపుణ్య కార్మికుల వీసా కోసం చూసేవాళ్ళకి ఎన్4 బదులు జేఎఫ్‌టీ బేసిక్ అనే కంప్యూటర్ పరీక్ష కూడా ఉంది, 250కి 200 రావాలి.

మనుషులతో మాట్లాడడం

మూడో నెలలో మొదలుపెట్టండి, ఆరో నెల దాకా ఆగితే ఇంకా భయం వేస్తుంది. హలోటాక్, టాండెమ్ లాంటి యాప్‌లలో వాళ్ళ భాష మీకు, మీ భాష వాళ్ళకి అనే ఒప్పందం మీద మనుషులు దొరుకుతారు. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది, మన సాయంత్రం ఆరున్నరకి వాళ్ళకి రాత్రి పది. అందుకని ఐదు, ఐదున్నర మధ్య పెట్టుకోండి. ఫోన్ నంబరు, ఆఫీసు పేరు, ఇంటి అడ్రసు ఇవ్వొద్దు, ఎవరు ఎంత మంచిగా మాట్లాడినా. పావుగంట వాళ్ళ భాష, పావుగంట మీ భాష, గడియారం చూసుకుని.

ఇక్కడ "నా భాష" అన్న చోట అందరూ ఇంగ్లీషు అని పెట్టేస్తారు. మీరు తెలుగు అని కూడా పెట్టండి. మన సినిమాల వల్ల తెలుగు మీద ఆసక్తి పుట్టినవాళ్ళు జపాన్‌లో ఉన్నారు, తక్కువే గానీ ఉన్నారు. నాకు దొరికినావిడ మొదటిరోజే "తిని చూడు" అంటే ఏంటని అడిగింది. "తబెతె మితె" అన్నాను. స్క్రీన్ అవతల రెండు క్షణాలు చప్పుడు లేదు, తర్వాత "ఎ! ఒనజి?" అంది. అదేనా, అని.